సున్నం కింద చెయ్యి

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. "సార్, మీ సర్వీసులో మీరు కనిపెట్టిన గొప్ప రాయి ఏది?" అని అడుగుతారు. టీ తాగించి, ఏదో ఒక రాజుగారి దానశాసనం సంగతి చెప్పి పంపేస్తాను. వాళ్ళు సంతోషంగా పోతారు, నాకూ పరువు దక్కుతుంది. ఈసారి ఎవరూ అడక్కుండానే చెప్తున్నాను. ఇది నేను కనిపెట్టిన రాయి కథ కాదు, నేను పాడుచేసిన రాయి కథ.

పాత రాళ్ళ మీది అక్షరాలనూ బొమ్మలనూ చదవడం నా ఉద్యోగం. బొమ్మలకు కూడా ఒక లెక్క ఉంటుంది. కత్తీ డాలూ పట్టుకుని మనిషి నిలబడి ఉంటే యుద్ధంలో పోయినవాడు. కాళ్ళ దగ్గర ఆవులుంటే మందను కాపాడబోయి పోయినవాడు. పైన సూర్యుడూ చంద్రుడూ ఉంటే, అవి ఉన్నంత కాలం వీడి పేరు ఉండాలని అర్థం. ఇక ఒక స్తంభంలోంచి ఆడమనిషి చెయ్యి బయటికి వచ్చి, మోచేయి దగ్గర వంగి పైకి లేచి, నిండా గాజులతో ఉంటే అది సతికల్లు. మొగుడి చితి మీద కాలిపోయిన ఆమె గుర్తు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే ఇవన్నీ ఎక్కాల్లాగా నేర్పిస్తారు. ఎక్కాలతో వచ్చే చిక్కేమిటంటే, ఒకసారి నోటికి వచ్చాక మళ్ళీ ఆలోచించాల్సిన పని లేదనిపిస్తుంది.

నాకు ఈ పనిలో కాస్త పేరుండేది. "ఆయన జీపు దిగకుండానే చెప్పేస్తాడు" అనేవాళ్ళు. దాన్ని నేను పొగడ్త అనుకుని మురిసిపోయేవాణ్ణి.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఊరూరా తిరిగి రాళ్ళ జాబితా తయారు చెయ్యమని నన్ను పంపినప్పుడు నాకు నలభై తొమ్మిదేళ్ళు. నేను కోస్తావాణ్ణి. ఆ నల్లరేగడి, ఆ ఎండ, పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ అలవాటు కావడానికి ఒక నెల పట్టింది. ఆదోనిలో పత్తి గోదాముల మధ్య రెండు గదుల క్యాంపు ఆఫీసు, దాని వెనక రాళ్ళు పెట్టుకోవడానికి రేకుల షెడ్డు. నాతో పాటు అచ్చులు తీసే పెద్దాయన ఒకాయన ఉండేవాడు. పుట్టింది, పెరిగింది ఆదోనిలోనే. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద, హోదాలో చాలా చిన్న. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన సార్ అనేవాడు.

అచ్చు తీయడమంటే ఇంతే. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో కొడితే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే గుంటలు తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. కాగితం ఆరేదాకా ముట్టుకోకూడదు. ఆ ఆరే సమయమే నాకు పడేది కాదు. నేను గడియారం చూసుకుంటుంటే అన్న బీడీ వెలిగించి, "జల్దీ పడితే సినిగిపోతాది సార్, మల్లా మొదట్నుంచి సెయ్యాల" అనేవాడు. ఆయన చినగ్గొట్టిన కాగితం ఒక్కటి కూడా నేను చూడలేదు.

ఎమ్మిగనూరు నుంచి గూడూరు పోయే దారిలో, రోడ్డు దిగి రెండు మైళ్ళు లోపలికి నడిస్తే ఒక పాటి దిబ్బ ఉంది. ఎప్పుడో పాడుబడిన ఊరు. కాలు పెడితే కుండపెంకులే. ఇప్పుడదంతా పత్తి చేను. ఆ చేను మధ్యలో నడుమెత్తు రాయి, రాయంటే రాయి కాదు, తెల్లటి సున్నం ముద్ద, దాని మీద ఎర్రటి జాజు చారలు. సున్నం ఎంత మందంగా ఉన్నా పై భాగంలో స్తంభం, అందులోంచి వచ్చిన మోచెయ్యి, పైకి లేచిన ముంజేయి ఉబ్బెత్తుగా తెలుస్తూనే ఉన్నాయి. నేను గట్టు మీద నుంచే "సతికల్లు" అన్నాను.

రాయి దగ్గర ఒక అవ్వ కూర్చుని చుట్టూ గడ్డి పీకుతోంది. ఎమ్మిగనూరు నేతపని వాళ్ళ ఇంటి మనిషి. మడిచి కట్టిన చీర, చేతి వేళ్ళ మీద నూలు కోసిన గీతలు. పాత రోజుల్లో వాళ్ళ వంశం వాళ్ళు ఆ పాడుబడిన ఊళ్ళోనే ఉండేవాళ్ళట. ఊరు పోయినా రాతిని వదల్లేదు. ఐదిళ్ళ ఆడవాళ్ళు వంతులు వేసుకుని వచ్చి చూసుకుంటారు. ఆ నెల ఆమె వంతు.

"ఎవరవ్వా ఈమె?" అన్నాను.

"మా ఆమేనప్పా. మగ్గం నేసినామె. సేతిలో నాడె పట్టుకోని ఉండాది సూడు."

నాడె అంటే తెలియని వాళ్ళకు చెప్తున్నాను. మగ్గం మీద పేక నూలును ఈ అంచు నుంచి ఆ అంచుకు తోసే చిన్న సాధనం, రెండు కొసలూ సన్నగా ఉంటుంది. నేను చూశాను. చేతి కొసన సున్నం ముద్ద తప్ప నాకేమీ కనబడలేదు.

"మొగుడు పోతే కాలిపోయిందని చెప్పుకోరా మీ వాళ్ళు?"

"కాలిపోయేదేందప్పా? అట్ల ఎవురన్న్యారు నీకు?" అని అవ్వ గడ్డి పీకడం ఆపి నా వైపు తిరిగింది. "ఇప్పుడు నీకు కనపడదులే. మూడేండ్ల సున్నం ఉండాది. శ్రావణానికి ముందర కడుగుతాము, అప్పుడు తెలుస్తాది."

ఆ కడగడం సంగతి అన్న అడిగి తెలుసుకున్నాడు, నేను కాదు. మూడేళ్ళకొకసారి ఐదిళ్ళ ఆడవాళ్ళు వచ్చి రాతికి తడి గోనెసంచులు చుట్టిపోతారు. మరునాటి పొద్దునకు సున్నం మెత్తబడి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. పడుగు పరిచి గంజి పెట్టడానికి వాడే పెద్ద కుంచెతో మిగిలింది రుద్దేస్తారు. రాయి ఒట్టిగా ఓ గంట సేపు ఉంటుంది. ఆ గంటా అందరూ చూసుకుని, కొత్త కోడళ్ళకు చూపించి, మళ్ళీ సున్నం కొట్టేస్తారు. మగవాళ్ళు ఆ గంటసేపు రోడ్డు దగ్గరే నిలబడాలి.

"మా ఇంటాయన సచ్చేదాంక ఒక్క తూరి గూడ సూడల్యా" అని అవ్వ నవ్వింది. తర్వాత అన్న చేతిలోని కుచ్చు బ్రష్షు తీసుకుని తిప్పి చూసి, "ఈ పిల్లిమీసాలతో ఏం రుద్దుతారప్పా మీరు?" అంది. అన్న కడుపారా నవ్వాడు. నేను జాబితాలో సతికల్లు అని రాసుకుని, పుస్తకం మూసేశాను.

వారం తర్వాత ఆ అవ్వ బస్సెక్కి, అడ్రసు అడుక్కుంటూ ఆదోనిలో మా ఆఫీసుకొచ్చింది. నేను పని మీద ఉన్నాను, తల ఎత్తలేదు.

"నాలుగిండ్లల్లో అడిగినానప్పా" అంది. "ఒక ఇంట్లో ససేమిరా అన్న్యారు. ఆ పెద్దామె కాడికి మూడు తూర్లు పోయినా. సదువుకున్నోడు, రాళ్ళు సదివేటోడు, మన ఆమెను తప్పుగా రాసుకుంటాండాడు, సూడనిద్దాము అంటే ఒప్పుకునింది. తానం సేసి రా. సెప్పులు రోడ్డు కాడ ఇడువు. అంతే."

"ఎన్నాళ్ళుందవ్వా?"

"నెలా పది దినాలు."

"సరే, చూద్దాం" అన్నాను. మంచినీళ్ళు అన్న ఇచ్చాడు. బస్టాండు దాకా దిగబెట్టి వచ్చింది కూడా ఆయనే. తిరిగొచ్చి నా బల్ల ముందు నిలబడి, "ఎవురికీ ఇయ్యని ఇజ్జత్ ఇచ్చింది సార్ ఆమె. నెల దినాలే గదా, ఆగుదాం" అన్నాడు.

ఆగితే నాకు పోయేదేమీ లేదు. కానీ కర్నూలులో ఒక సదస్సు ఉంది. ఆ వైపు మండలాల్లో సతికల్లు దొరకడం విశేషమని వ్యాసం రాస్తే పేరొస్తుంది. రాశాను. ఊరికే రాయలేదు, అలంకారాలు కూడా పెట్టాను. ఐదిళ్ళ ఆడవాళ్ళు ఏ తిథికి వచ్చి ఆ రాతిని కడిగి పూజిస్తారో, అన్న అవ్వను అడిగి నాకు చెప్పిన ప్రతి ముక్కా, తేదీతో సహా అందులో దించాను. చదివిన వాళ్ళు చప్పట్లు కొట్టారు. పెద్దసారు, అంటే కర్నూలులో మా పై అధికారి, అందరి ముందూ నా భుజం తట్టాడు. పేపరు వాళ్ళు ఫొటోతో సహా వేశారు. "నేటికీ సతికి పూజలు" అని పెద్ద అక్షరాల శీర్షిక.

సతిని పూజించడం నేరం. ఆ చట్టం మంచిదే, నేనెప్పుడూ దాన్ని తప్పు పట్టను. శీర్షిక చూసి రెవెన్యూ వాళ్ళు కంగారు పడ్డారు. అది సతికల్లేనా అని మా శాఖను రాతపూర్వకంగా అడిగారు. ఆ కాగితం తిరిగి తిరిగి నా బల్ల మీదికే వచ్చింది. "పరిశీలన పూర్తి కాలేదు" అని మూడు మాటలు రాస్తే సరిపోయేది. మా పనిలో అది సిగ్గుపడే మాటేమీ కాదు. నేను "నిస్సందేహంగా" అని రాసి సంతకం పెట్టాను.

ఆడవాళ్ళు చేరకముందే రాతిని తీసుకొచ్చి మా షెడ్డులో పెట్టమని ఉత్తర్వు వచ్చింది. ఏ రోజు చేరతారో నా వ్యాసంలోనే ఉంది కాబట్టి వాళ్ళకు వెతుక్కునే శ్రమ కూడా లేకపోయింది.

కడిగే రోజుకు ముందు రోజు పొద్దున మేం వెళ్ళాం. ట్రాక్టరు, గొలుసులు, ముక్కాలి కప్పీ, ఐదుగురు కూలీలు, ఇద్దరు పోలీసులు. మేం వెళ్ళేసరికి ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు. అప్పుడే తడి గోనెలు చుట్టి, పైన తాడు కట్టి, ఇంకో రెండు బిందెల నీళ్ళు పోస్తున్నారు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె చేతిలో కొత్త కుంచె పట్టుకుని నిలబడి ఉంది. మమ్మల్ని చూసి అవ్వ మొహం విప్పారింది. నేను ఒక రోజు ముందుగా వచ్చాననుకుంది పాపం.

"రేపు కదప్పా!" అంది.

పోలీసులు సంగతి చెప్పారు. అవ్వకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. తర్వాత పోలీసుల్ని వదిలేసి నా దగ్గరికొచ్చింది.

"నువ్వే సెప్పినావంట గదా, ఆమె కాలిపోయిందని?"

నేను చట్టం గురించి ఏదో మొదలుపెట్టాను.

"సట్టం గిట్టం నాకొద్దప్పా. గోనెలు సుట్టినాము. తెల్లారేకి సున్నం ఊడొస్తాది. ఒక్క పూట ఆగు. నీ కండ్లతో సూడు. నాడె లేకుంటే నువ్వే ఎత్తుకోని పో, నేనే అడ్డం రాను."

అన్న నా పక్కకొచ్చి నెమ్మదిగా, "ట్రాక్టరోడితో నేను మాట్లాడుతా సార్. రేపు పొద్దున పెట్టుకుందాం" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ నేను మీతో అబద్ధం చెప్పదలుచుకోలేదు. ఉత్తర్వు ఉంది, పోలీసులున్నారు, నిజమే. కానీ ఒక్క రోజు వాయిదా వెయ్యడం నా చేతిలో పనే. తడి నేల, గొలుసు జారుతుంది అని ఒక మాటంటే పోలీసులు సంతోషంగా ఇంటికి పోయేవాళ్ళు. నేను ఎందుకు ఆగలేదంటే, ఆ అవ్వ చెప్పింది నిజమైతే ఎలాగన్న భయం అప్పటికే నా లోపల మొదలైంది. రేపు పొద్దున ఆ చేతిలో నాడె కనబడితే నా వ్యాసం, ఆ చప్పట్లు, ఆ సంతకం ఏమవుతాయి? చూడకపోతే తప్పు బయటపడదు కదా. అందుకని, "పని కానివ్వండి" అన్నాను.

ఆడవాళ్ళను రోడ్డు దగ్గరికి పంపించారు. గోనెలు విప్పేశారు. తవ్వి, గొలుసు వేసి లేపుతుంటే, తడిసిన సున్నం మీద గొలుసు జారింది. రాయి ఒరిగి దాని పై కొస ట్రాక్టరు తొట్టి ఇనుప అంచుకు కొట్టుకుంది. పిడికిలంత ముద్ద ఊడి కింద పడింది. అన్న దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"బరువుగా ఉండాది సార్. లోపల రాయుండాది."

"సున్నం నీళ్ళు పీల్చి బరువెక్కింది. వదిలెయ్ అన్నా, ఎండ ముదురుతోంది."

ఆయన ఒక క్షణం నా వైపు చూసి, దాన్ని పక్కన నేల మీద పెట్టాడు. ట్రాక్టరు సర్దుకోవడానికి వెనక్కి వచ్చింది. దాని చక్రం ఆ ముద్ద మీదుగా పోయింది. రాయి చిట్లిన చప్పుడు వినబడింది. పాతికేళ్ళు రాళ్ళతో బతికినవాణ్ణి, సున్నం నలిగితే ఏ చప్పుడొస్తుందో, రాయి పగిలితే ఏ చప్పుడొస్తుందో నాకు తెలుసు. అన్నకూ తెలుసు. ట్రాక్టరు రోడ్డెక్కినప్పుడు ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఎవరూ తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలిగ్గా ఉండేదేమో.

ఆ ఏడు వానలకు మా షెడ్డు రేకులు కారాయి. నీళ్ళు సరిగ్గా ఆ రాతి మీదే పడ్డాయి. ఒకరోజు పొద్దున అన్న నన్ను పిలిచాడు. సున్నమంతా కిందికి జారి కుప్పగా పడి ఉంది. చెయ్యి మణికట్టు దాకా చక్కగా ఉంది, గాజులతో సహా. మణికట్టు పైన ఏమీ లేదు. విరిగిన చోటు కొత్తగా మెరుస్తోంది. ఇంతకాలం భూమిలో పాతుకుని ఉన్న కింది భాగంలో మట్టి కొట్టుకుపోయి మూడు పంక్తుల అక్షరాలు బయటపడ్డాయి. అన్న అప్పటికే కాగితం పరిచి కొట్టేశాడు. ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. ఆ రోజు నేను గడియారం చూసుకోలేదు.

మొదటి పంక్తిలో ఆమె పేరు, నేతవారి ఇంటి ఆడపడుచని. రెండో పంక్తిలో ఈ రాయి నిలిపించినది ఆమె భర్త అని, అతని పేరు. మూడో పంక్తి పెచ్చులూడిపోయి అందలేదు. ఆమె ఎట్లా చనిపోయిందో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలుసు. ముందే చచ్చిపోయిన మొగుడు పెళ్ళానికి రాయి నిలపలేడు.

"సతి కాదు కదా సార్?" అన్నాడు అన్న. ఆయనకు అక్షరాలు చదవడం రాదు. నా మొహం చదివాడు.

అచ్చు చుట్టుకుని కర్నూలు వెళ్ళాను. పెద్దసారు శ్రద్ధగానే విన్నాడు. చివరికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "సదస్సు పుస్తకం అచ్చయిపోయింది. పేపర్లో వచ్చింది. మన మాట మీద రెవెన్యూ వాళ్ళు ఉత్తర్వులిచ్చారు. ఇప్పుడు కాదంటే మన మాటకు విలువేముంటుంది? పైగా మీ ప్రమోషను ఫైలు కదులుతోంది. కొన్నాళ్ళు పోనివ్వండి" అన్నాడు.

పోనిచ్చాను. కొన్నాళ్ళు కాదు, ఏడేళ్ళు. ప్రమోషను వచ్చింది, బదిలీ వచ్చింది, అన్న రిటైరయ్యాడు. నేను బదిలీ మీద పోయేరోజు ఆయన నాకు దండ వేసి, చెవి దగ్గర, "ఆ అవ్వ ఇంకా ఉండాది సార్. బతికుండగానే ఏమన్నా సెయ్యండి" అన్నాడు. అప్పటికీ నేను చెయ్యలేదు. నా సర్వీసు ఇంకో సంవత్సరం ఉందనగా, ఇక నా నుంచి ఎవరూ ఏమీ లాక్కోలేరని ఖాయమయ్యాక, అప్పుడు రాశాను. నా పఠనం తప్పు, అది సతికల్లు కాదు, రాతిని యథాస్థానంలో నిలపాలి అని. ధైర్యం కూడా పెన్షనుతో పాటే వచ్చింది నాకు.

రాతిని తిరిగి తీసుకుపోయిన రోజు అన్న కూడా వచ్చాడు, ఎవరూ పిలవకపోయినా. మెత్తటి పరుపుల మీద పడుకోబెట్టి, చంటిపిల్లను తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళాం. ఆ జాగ్రత్త చూస్తే నాకే సిగ్గేసింది. ఒకప్పుడు ఐదిళ్ళ ఆడవాళ్ళు, ఇరవై ముప్పై మంది చేరేవాళ్ళు. ఆ రోజు వచ్చింది ఆరుగురు. అవ్వ, అవ్వ కోడలు, ఇంకో పెద్దామె, ముగ్గురు చిన్న కోడళ్ళు. మిగతావాళ్ళు రామన్నారట. పేపర్లో వచ్చిన తర్వాత ఎమ్మిగనూరులో వాళ్ళను "కాలిపోయినామె ఇంటోళ్ళు" అని ఎగతాళి చేసేవాళ్ళట. ఇంట్లో పసుపు కుంకాలతో ఉన్న ఆడపిల్లలు ఆ రాతిని ముట్టకూడదని పెద్దవాళ్ళే కట్టడి చేశారట. ఇవన్నీ కోడలు నాకు మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

అవ్వకు చూపు చాలా మందగించింది. రాయి నిలిపాక కోడలు చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకొచ్చింది. అవ్వ రాతిని కింది నుంచి తడుముకుంటూ వచ్చింది. స్తంభం, మోచెయ్యి, గాజులు. గాజుల్ని ఒక్కొక్కటే లెక్కబెట్టినట్టు తాకింది. ఆ పైన ఆమె వేళ్ళు గాలిలోకి పోయాయి. మళ్ళీ వెనక్కి వచ్చి మణికట్టు దగ్గర ఆగాయి.

"సెయ్యి యాడప్పా?"

"విరిగిపోయిందవ్వా. ఆ రోజు, ట్రాక్టరు ఎక్కించేటప్పుడు. నా తప్పే."

ఆమె విరిగిన చోటు మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. ఇంత వయసొచ్చిన మగవాణ్ణి, ఆఫీసరును, అని ఆపుకోవాలనుకున్నాను గానీ ఆగలేదు.

చిన్న కోడళ్ళలో ఒకామె, ఆ రోజు కుంచె పట్టుకుని నిలబడిన పిల్లే, ఇప్పుడు ఇద్దరు బిడ్డల తల్లి, నా దగ్గరికొచ్చింది. "సార్, మా అవ్వ నాడె నాడె అంటాది. మీ పుస్తకంలో వేరేగా ఉండాదంట. నాకు సూపిచ్చే ముందర దినమే మీరు ఎత్తుకోని పోయినారు. ఇంగ ఈ పెద్దోళ్ళు పోతే సూసినోళ్ళు ఎవురుంటారు? మా పిల్లోళ్ళకు ఏమని సెప్పాల? ఆ సేతిలో ఏముండె?"

కాలిపోయినామె కాదని చెప్పాను. మొగుడే రాయి నిలిపాడని, అక్షరాలు చూపించి చెప్పాను. ఆమె తల ఊపింది కానీ అక్కడితో వదల్లేదు. "అది సరే సార్. సేతిలో?"

అవ్వ కూడా మొహం నా వైపు తిప్పింది. ముప్పై రెండేళ్ళ సర్వీసు, నా మాటకున్న విలువ, అన్నీ ఒకటి చేసి ఆ ఒక్క మాట ఆమెకు ఇవ్వగలిగితే కొంతయినా రుణం తీరుతుందనిపించింది. గవర్నమెంటు మనిషి చెప్పాడంటే ఐదిళ్ళూ మళ్ళీ వస్తాయి, అవ్వ మాట నిలబడుతుంది.

"నాడెనే అమ్మా" అన్నాను. "విరగక ముందు నేను చూశాను."

అన్న తల దించుకున్నాడు. ఆ పిల్ల మొహంలో వెలుగొచ్చింది. అవ్వ మాత్రం రాతి మీద నుంచి చెయ్యి తీసి, ఆ మసక కళ్ళతోనే నన్ను వెతుక్కుంది.

"వద్దప్పా" అంది. "సూసినట్టు సెప్పొద్దు. అప్పుడూ సూడకుండానే సెప్పినావు."

తర్వాత ఆమె ఆ పిల్ల వైపు తిరిగింది. "నేను సూసినా. పదమూడు తూర్లు సూసినా. నమ్మితే నమ్మండి, ల్యాకుంటే ల్యా" అని, సున్నం కలపమంది. అన్నా నేనూ ఎవరూ చెప్పకుండానే నడుచుకుంటూ పోయి రోడ్డు దగ్గర నిలబడ్డాం.